గోడల చెమ్మకు కారణం తేల్చి చెప్పేవాళ్లకు శిక్షణ, సర్టిఫికెట్ లాంటివి ఉంటాయా? (కర్నూలు)

హంద్రీ ఒడ్డు

అందరికీ నమస్కారం. మాది కర్నూలు, హంద్రీకి దగ్గర్లో ఇల్లు. 1996లో నాన్న కట్టించారు. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, సిమెంటు ప్లాస్టరింగ్, పైన స్లాబు, కింద నాపబండలు. 2009 అక్టోబరు వరదలో హాల్లో ఛాతీ లోతు నీళ్లు నిలిచాయి. బురద కడుక్కుని, ఆరబెట్టుకుని, రంగులు వేయించుకుని మళ్లీ అదే ఇంట్లో ఉంటున్నాం.

నాలుగైదేళ్లుగా హాలు గోడకు కింది నుంచి మూడడుగుల పైదాకా చెమ్మ కనిపిస్తోంది. రంగు పొక్కులు లేచి పెచ్చులుగా ఊడుతోంది, చేత్తో రాస్తే తెల్లటి ఉప్పు పొడి రాలుతోంది. అక్టోబరు, నవంబరు నెలల్లో గోడ నల్లగా తడిసినట్టు ఉంటుంది, ఏప్రిల్ వచ్చేసరికి ఏమీ జరగనట్టు ఆరిపోతుంది. బాత్రూమ్ పక్క మూల ఒక్కటి మాత్రం నడి ఎండాకాలంలో కూడా చల్లగానే తగులుతుంది.

ఈ నెలలో ముగ్గురిని పిలిపించి చూపించాను. మొదటాయన పెయింటు షాపు వాళ్లు పంపిస్తే వచ్చాడు, ఉచితంగా చూస్తామన్నారు. రెండు సూదులున్న చిన్న మీటరు గోడకు గుచ్చగానే కీచుమని మోగింది, ఎర్ర లైటు వెలిగింది. "భూమిలోంచి నీళ్లు ఎక్కుతున్నాయి, గోడంతా రంధ్రాలు చేసి కెమికల్ ఇంజెక్షన్ ఇవ్వాలి, లక్షా ముప్పై ఐదు వేలు" అన్నాడు. ఇంట్లో ఉన్నది పది నిమిషాలు. రెండో ఆయన మేస్త్రీ, ప్లాస్టరింగ్ చెక్కేసి వాటర్‌ప్రూఫ్ లిక్విడ్ కలిపి మళ్లీ పూస్తే చాలన్నాడు, నలభై వేలు. మూడో ఆయన తెలిసిన ఇంజనీరు, బాత్రూమ్ పైపు కారుతోంది, టైల్స్ అన్నీ పగలగొట్టాల్సిందే అన్నాడు. ఒకే గోడకు ముగ్గురు మూడు జబ్బులు చెప్పారు. ముగ్గురూ చాలా నమ్మకంగానే చెప్పారు.

అమ్మకు డెబ్బై దాటాయి, ఆ హాల్లోనే పడుకుంటుంది. చలికాలం వస్తే దగ్గు తగ్గదు. డబ్బు పెట్టడానికి వెనకాడటం లేదు గానీ, పెట్టినదానికి రోగం కుదరాలి కదా. కరెంటు పని చేసేవాళ్లకు పర్మిట్ ఉంటుంది, డాక్టరుకు డిగ్రీ ఉంటుంది. చెమ్మ ఎందుకొస్తోందో చూసి చెప్పడానికి చదువు గానీ పరీక్ష గానీ ఏదైనా ఉందా? మన జిల్లాల్లో అలాంటి మనిషిని ఎలా వెతుక్కోవాలి, ఏం అడిగితే పని తెలిసినవాడని అర్థమవుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి, నిజంగా టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్ ఏఈ, అనంతపురం

బాబూ, సూటిగా చెప్తున్నాను. మన దేశంలో ఇళ్ల చెమ్మను నిర్ధారించడానికని ప్రత్యేకమైన లైసెన్సు ఏదీ లేదు. ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు, కార్డు వేయించుకోవచ్చు. ఐటీఐలో మేసన్, ప్లంబర్, డ్రాఫ్ట్స్‌మన్ కోర్సులు ఉన్నాయి, చెమ్మ పరిశీలనకు లేదు. మా బీటెక్ రోజుల్లో డీపీసీ గురించి, అంటే నేల తేమ గోడలోకి ఎక్కకుండా బేస్‌మెంటు మీద వేసే అడ్డుపొర గురించి, చెప్పింది ఒకటి రెండు క్లాసులు. అది కొత్త ఇంటికి ఎలా వేయాలో చెప్పారు గానీ, ముప్పై ఏళ్ల ఇంట్లో చెమ్మ ఎందుకు చేరిందో ఎలా కనుక్కోవాలో ఎవరూ నేర్పలేదు. నేను ఉద్యోగంలో చేరాకే, తప్పులు చేస్తూ నేర్చుకున్నాను.

అలాగని మనకు ప్రమాణాలు లేవనుకోవద్దు. డ్యాంప్‌ప్రూఫింగ్, వాటర్‌ప్రూఫింగ్ ఎలా డిజైన్ చేయాలో చెప్పే కోడ్ ఐఎస్ 3067, 1988 నాటిది. సిమెంటులో కలిపే వాటర్‌ప్రూఫ్ కాంపౌండ్ ఎలా ఉండాలో ఐఎస్ 2645 చెప్తుంది. గోడల పగుళ్లకు కారణాల మీద బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ వాళ్ల ఎస్‌పీ 25 అనే చేతిపుస్తకం ఉంది, ఇంజనీరు ఎవరైనా చదవాల్సిందే. రూర్కీలో కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ) 1947 నుంచి కట్టడాల మీద పరిశోధన చేస్తోంది. చిక్కంతా ఎక్కడంటే, ఇవన్నీ వస్తువు గురించీ పని గురించీ చెప్తాయి. వచ్చి చూసే మనిషికి ఏం తెలిసి ఉండాలో ఒక్కటీ చెప్పదు.

నీ ఇంటి సంగతి. ఫొటోలు లేకుండా తీర్పు చెప్పను, కొన్ని ప్రశ్నలు అడుగుతాను. వీధిలో సిమెంటు రోడ్డు ఎన్నిసార్లు వేశారు? కర్నూల్లోనూ మా అనంతపురంలోనూ పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తూ పోయారు. కట్టినప్పుడు రెండున్నర అడుగుల ఎత్తున్న బేస్‌మెంటు ఇప్పుడు ఎంత మిగిలింది? చుట్టూ ఉన్న నేలకంటే ప్లింత్, అంటే ఈ బేస్‌మెంటే, కనీసం 450 మిల్లీమీటర్లు ఎత్తు ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెప్తోంది. బయట మట్టి గానీ, వరండా గచ్చు గానీ డీపీసీని దాటి పైకి వచ్చిందంటే, డీపీసీ ఎంత బాగా వేసినా నీళ్లు దాన్ని చుట్టుకుని గోడలోకి వస్తాయి. అసలు డీపీసీ వేశారా లేదా? ఆ రోజుల్లో ఒకటిన్నర అంగుళం కాంక్రీటు పోసి పైన వేడి తారు పూసేవాళ్లం, చాలా సొంత ఇళ్లకు ఆ తారు ఎగ్గొట్టేవాళ్లు. ఇల్లు కట్టింది బోరు నీళ్లతోనా, మున్సిపాలిటీ నీళ్లతోనా? గోడకు అవతల ఏముంది, సంపు ఎక్కడుంది?

ఇంకో మాట. మన రాయలసీమ పాత మిద్దెల మీద చౌడు మట్టి పరిచేవాళ్లు, గుర్తుందా? సోడియం ఎక్కువున్న ఆ మట్టి వాన పడగానే మెత్తబడి సన్నసన్నగా విడిపోయి సందులన్నీ మూసేస్తుంది, అందుకే మిద్దె ఉరవదు. ఏ మట్టి మిద్దెకు పనికొస్తుందో, ఏది గోడకు చేటో మా తాత చేత్తో నలిపి చెప్పేవాడు. ఆ పరిశీలన ఇవాళ మీటరు పట్టుకొచ్చేవాళ్లలో కనిపించకపోవడం నాకు బాధగా ఉంటుంది.

కడప బండ

అన్నా, నాది కడపే, ప్రస్తుతం ఇంగ్లండ్‌లో బిల్డింగ్ సర్వేయర్‌గా పని చేస్తున్నాను. మీరు అడిగిన చదువు ఇక్కడ ఉంది కాబట్టి అది ఎలా ఉంటుందో చెప్తాను, అందులో మన దగ్గర పనికొచ్చేది ఏదో మీరే చూసుకోండి.

ఇక్కడ ప్రాపర్టీ కేర్ అసోసియేషన్ అని ఒకటుంది. వాళ్లు సీఎస్ఆర్‌టీ అనే అర్హత ఇస్తారు, చెమ్మనూ కలప పాడవడాన్నీ పరిశీలించే సర్వేయర్లకు. రాత పరీక్షతో పాటు ఎదురుగా కూర్చోబెట్టి మౌఖికంగా కూడా అడుగుతారు. నేలమాళిగల వాటర్‌ప్రూఫింగ్‌కు సీఎస్ఎస్‌డబ్ల్యూ అని వేరేది ఉంది. ఇవి కాక ఆర్‌ఐసీఎస్ అనే సర్వేయర్ల వృత్తి సంఘంలో సభ్యత్వం ఉన్న చార్టర్డ్ సర్వేయర్లు ఉంటారు. బ్రిటిష్ ప్రమాణాల్లో బీఎస్ 6576 కింది నుంచి ఎక్కే చెమ్మను ఎలా నిర్ధారించాలో, కెమికల్ డీపీసీ (మీకు చెప్పిన ఇంజెక్షన్ లాంటిదే) ఎలా వేయాలో చెప్తుంది. బీఎస్ 5250 మొత్తం భవనంలో తేమ ఎలా తిరుగుతుందో చూస్తుంది, 2021లో కొత్తగా రాశారు. బీఆర్ఈ అనే కట్టడాల పరిశోధన సంస్థ వాళ్ల డైజెస్ట్ 245 అని చిన్న పత్రం ఉంది, నాకు అన్నింటికంటే పనికొచ్చింది అదే.

ఇన్ని ఉన్నా మీకు జరిగినదే ఇక్కడా జరుగుతుంది. ఉచిత సర్వే అని వస్తారు, మీటరు గుచ్చుతారు, ఇంజెక్షన్ రాసిస్తారు. వచ్చినవాడికి జీతం ఇచ్చేది ఆ మందు అమ్మే కంపెనీ అయినప్పుడు ఇంకేం రాస్తాడు? ఈ తగాదా ఎంతదాకా వెళ్లిందంటే 2022లో ఆర్‌ఐసీఎస్, పాత కట్టడాల సంరక్షణ చూసే హిస్టారిక్ ఇంగ్లండ్, ప్రాపర్టీ కేర్ అసోసియేషన్ కలిసి పాత కట్టడాల్లో తేమను ఎలా పరిశోధించాలో ఒక ఉమ్మడి ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. మొత్తం భవనాన్ని చూడాలి, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో ముందు వెతకాలి, చూసినదాన్ని రాతలో పెట్టాలి. వినడానికి మామూలు మాటలే, కానీ అలా చేసేవాళ్లు తక్కువ.

ఇది కేవలం రంగు ఊడే సమస్య కాదని దేశానికంతా అర్థమైంది ఒక పసివాడు పోయాక. రోచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల పిల్లాడు 2020 డిసెంబరులో చనిపోయాడు. ఇంట్లో బూజుకు చాలాకాలం గురికావడమే కారణమని 2022లో విచారణాధికారి తేల్చారు. ఆ పిల్లాడి పేరుతోనే చట్టం వచ్చింది. 2025 అక్టోబరు 27 నుంచి సోషల్ హౌసింగ్ (తక్కువ అద్దెకు ఇచ్చే ఇళ్ల) యజమానులు ప్రమాదకరమైన చెమ్మ, బూజు గురించి ఫిర్యాదు అందాక పది పనిదినాల్లో వచ్చి పరిశీలించాలి. అప్పటిదాకా చాలాచోట్ల కిటికీలు తెరవండి, ఇంట్లో బట్టలు ఆరేయొద్దు అని చెప్పి పంపేసేవాళ్లు. అమ్మ దగ్గు గురించి రాశారు కాబట్టి చెప్తున్నాను, దాన్ని చిన్నగా తీసుకోవద్దు, డాక్టరుకు గోడ సంగతి కూడా చెప్పండి.

ఇప్పుడు ఆ మీటరు. సూదుల మీటరు కొలిచేది నీటిని కాదు, రెండు సూదుల మధ్య కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో కొలుస్తుంది. దాన్ని తయారు చేసింది చెక్క కోసం. ఇటుక గోడలో ఉప్పు ఉంటే, గోడ దాదాపు ఆరిపోయి ఉన్నా అది ఎర్రగా వెలుగుతుంది. శిక్షణలో మాకు మొదటి రోజే చెప్పేది ఇది. థర్మల్ కెమెరా కూడా అంతే, అది చూపేది గోడ పైపొర ఎంత చల్లగా ఉందో, తేమను కాదు. రెండూ ఎక్కడ వెతకాలో చెప్పే పనిముట్లు, అంతవరకే నమ్మాలి.

మీరు రాసినదాంట్లో నన్ను ఆపింది ఒకటుంది. అక్టోబరు, నవంబరులో తడి, ఏప్రిల్‌కు మాయం. ఉప్పు గాలిలో తేమను పీల్చుకుంటుంది. మామూలు ఉప్పయితే గాలిలో తేమ 75 శాతం దాటగానే కరగడం మొదలుపెడుతుంది, కాల్షియం నైట్రేట్ లాంటివి 50 శాతానికే కరుగుతాయి. వానల్లో మూత తీసిన ఉప్పు డబ్బా చెమ్మగిల్లినట్టే ఉప్పెక్కిన గోడా చెమ్మగిల్లుతుంది. అప్పుడు నీళ్లు కింది నుంచి రానక్కర్లేదు, గాలిలోంచే వస్తాయి. అలాంటి గోడకు కింద ఎన్ని ఇంజెక్షన్లు ఇచ్చినా పై ఉప్పు అక్కడే ఉంటుంది.

రెండింటినీ విడదీసే పరీక్ష ఉంది. గోడకు కింది నుంచి పైకి ప్రతి ఎనిమిది పదంగుళాలకు ఒకచోట, ఇటుకల మధ్య దరజులో, డ్రిల్లు నెమ్మదిగా తిప్పి పొడి తీయాలి. వేగంగా తిప్పితే ఆ వేడికే తేమ ఆవిరైపోతుంది. ఏ పొడికి ఆ పొడి వేరే గాలి చొరని సీసాలో పెట్టాలి. మొదట తూచాలి. తర్వాత ఇక కరగనంత ఉప్పు కలిపిన నీళ్లు అడుగున పోసి మూసిన డబ్బాలో, గాలి తేమ 75 శాతం ఉండేలా కొన్నాళ్లు పెట్టి మళ్లీ తూచాలి. చివరికి 105 డిగ్రీల ఓవెన్‌లో పూర్తిగా ఆరబెట్టి తూచాలి. ఆరిన బరువుతో పోల్చి లెక్కేస్తే గోడలో మొత్తం తేమ ఎంతో, అందులో ఉప్పు గాలి నుంచి పీల్చుకోగలిగింది ఎంతో తెలుస్తుంది. రెండూ దగ్గరదగ్గరగా ఉంటే దోషం ఉప్పుది. మొత్తం తేమ బాగా ఎక్కువ ఉంటే నిజంగానే ఎక్కడి నుంచో నీళ్లు వస్తున్నాయి. ఓవెనూ సన్నని త్రాసూ ఏ ఇంజనీరింగ్ కాలేజీ సివిల్ ల్యాబులోనైనా ఉంటాయి. కార్బైడ్ మీటరు అని ఇంకోటి ఉంది, పొడిలో కాల్షియం కార్బైడ్ కలిపితే తేమను బట్టి గ్యాసు పుడుతుంది, దాని ఒత్తిడిని చూసి అక్కడికక్కడే లెక్క చెప్తారు. అది మొత్తం తేమను చెప్తుంది గానీ ఉప్పు వాటా చెప్పదు.

కంకర మేస్త్రీ

నేను కర్నూల్లోనే ఇరవై ఎనిమిదేళ్లుగా మేస్త్రీ పని చేస్తున్నాను. పైన తమ్ముడు రాసిన మీటరు సంగతి నిజం. నేను ఒక కంపెనీ వాళ్ల ట్రైనింగుకి వెళ్లాను, ఒక్క రోజు, మధ్యాహ్నం భోజనం పెట్టి సర్టిఫికెట్ ఇచ్చారు. అది ఇప్పటికీ నా దగ్గర ఉంది. డబ్బా ఎలా కలపాలి, బ్రష్షు ఎన్ని కోట్లు, మొదటి కోటు ఎంతసేపు ఆరాలి, ఇవన్నీ చక్కగా నేర్పారు, పనికొచ్చింది కూడా. చెమ్మ ఎందుకొచ్చిందో ఎలా చూడాలని ఒకతను లేచి అడిగితే, కస్టమరు ఫొటో పంపండి మా వాళ్లు చూసుకుంటారు అన్నారు. కాబట్టి అన్నా, ఎవరైనా అలాంటి సర్టిఫికెట్ చూపిస్తే అది మందు పూసే సర్టిఫికెట్ అని గుర్తుపెట్టుకో, జబ్బు చూసేది కాదు.

మన కర్నూలు ఇళ్లలో ఉప్పు మూడు దారుల్లో వస్తుంది. ఒకటి, బోరు నీళ్లు. చాలా పేటల్లో బోరు నీళ్లు నోట్లో పోసుకోలేం, ఆ నీళ్లతోనే మాలు కలిపి, ఆ నీళ్లతోనే వారాల తరబడి గోడ తడుపుతాం. రెండు, ఇటుక. చౌడు నేలలో మట్టి తీసి కాల్చిన ఇటుక బట్టీ నుంచే ఉప్పు తెచ్చుకుంటుంది. నాలుగు ఇటుకలు తెచ్చి, పళ్లెంలో అంగుళం మంచినీళ్లు పోసి నిలబెట్టి, నీళ్లు ఇంకాక ఇంకోసారి పోసి ఆరనిస్తే తెల్లగా పూస్తుందో లేదో కళ్లకే కనిపిస్తుంది. దీన్ని కోడ్‌లో కూడా పెట్టారని ఇంజనీరు సారు ఒకాయన చెప్పారు. మూడోది 2009 వరద. ఆ నీళ్లు మామూలు నీళ్లు కావు, డ్రైనేజీ, సెప్టిక్ ట్యాంకులు అన్నీ కలిసిపోయి ఇళ్లలో నిలిచాయి. ఆ తర్వాత ఏడాది రెండేళ్లు నేను ఎన్ని గోడలు చెక్కానో లెక్క లేదు. తొందరపడి తడి గోడ మీదే పుట్టీ, రంగు వేయించుకున్న ఇళ్లు ఇప్పుడు మళ్లీ నన్ను పిలుస్తున్నాయి.

రెండో మేస్త్రీ చెప్పినట్టు వాటర్‌ప్రూఫ్ కలిపి పూస్తే లోపల ఉన్న తేమ అక్కడే ఆగి పైకి వెళ్తుంది. ఈరోజు మూడడుగుల దగ్గర ఉన్న మరక రెండేళ్లకు ఐదడుగులకు చేరుతుంది. నేను కూడా అలా పూసినవాడినే, ఒక ఇంట్లో అలా జరిగాక ఆ ఇంటి పెద్దావిడ ఏమీ అనకుండా నన్ను గోడ దగ్గరకు తీసుకెళ్లి చూపించింది. ఆ రోజు నుంచి కారణం తెలియకుండా నేను గోడ ముట్టుకోవడం లేదు.

ఎర్రముక్కపల్లి అక్క

మాది కడప. మా అనుభవం చెప్తాను తమ్ముడూ, నీకు డబ్బు మిగులుతుందేమో. మూడేళ్ల కిందట పడకగదిలో ఇలాగే చెమ్మ వస్తే ఒక సంస్థ వాళ్లు ఇంజెక్షన్ చేశారు, తొంభై వేలు. పదేళ్ల గ్యారంటీ అని కాగితం ఇచ్చారు. ఏడాదికి మళ్లీ వచ్చింది. ఫోన్ చేస్తే, మేము గ్యారంటీ ఇచ్చింది మందుకు, మీ ఇంట్లో వచ్చింది వేరే నీళ్లు అన్నారు. మరి ఆ వేరే నీళ్లు ఉన్నాయని ముందే చూడాల్సింది ఎవరు?

చివరికి కనిపెట్టింది మా ఆయన స్నేహితుడు, ప్లంబరు. ఆయన ఏ మిషనూ తేలేదు. రాత్రి పదింటికి అన్ని కుళాయిలూ కట్టేయించి, మిద్దె మీద ట్యాంకులో నీళ్ల మట్టానికి పెన్సిలుతో గీత గీశాడు, మోటారు వేయొద్దన్నాడు. పొద్దున ఐదింటికి రెండంగుళాలు దిగి ఉంది. తర్వాత ట్యాంకు నుంచి దిగే ఒక్కో గేటువాల్వు కట్టేస్తూ మూడు రాత్రులు అదే పని చేశాడు. వంటింటికి వెళ్లే పైపు కట్టిన రాత్రి గీత కదల్లేదు. గోడలో మోచేతి జాయింటు దగ్గర కారుతోంది. బాగు చేయడానికి పద్దెనిమిది వందలు అయింది. అందుకని ఎవరితోనైనా పని ఒప్పుకునే ముందు, ఏం చూశారు, ఎక్కడెక్కడ కొలిచారు, ఏ కారణాలు కావని తేల్చారు, ఇవన్నీ కాగితం మీద రాసి సంతకం పెట్టమని అడుగు. చూసినందుకు వేరే ఫీజు ఇస్తానని కూడా చెప్పు. మేము అడగలేదు, కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినప్పుడు వాళ్లు మొదట అడిగింది కాగితాలే.

రిటైర్డ్ ఏఈ, అనంతపురం

ఎర్రముక్కపల్లి అమ్మ చెప్పినదానికి ఒకటి కలుపుతాను, ఇది చదివే అపార్ట్‌మెంటు వాళ్ల కోసం. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం సెక్షన్ 14 ప్రకారం ఫ్లాటు చేతికిచ్చిన ఐదేళ్ల లోపు కట్టడంలో గానీ పనితనంలో గానీ లోపం కనిపించి తెలియజేస్తే, బిల్డరు ముప్పై రోజుల్లో తన ఖర్చుతో బాగుచేయాలి. సొంతంగా కట్టించుకున్న ఇళ్లకు ఇది వర్తించదు.

హంద్రీ ఒడ్డు

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. ఏఈ సారూ, రోడ్డు మూడుసార్లు వేశారు, బేస్‌మెంటు ఇప్పుడు తొమ్మిదంగుళాలే మిగిలింది. ఇల్లు కట్టింది బోరు నీళ్లతోనే అని అమ్మ చెప్పింది. డీపీసీ ఉందో లేదో తెలియదు. కడప తమ్ముడూ, పరీక్షకు ఎన్ని చోట్ల పొడి తీయాలి? ఇంట్లో వాళ్లే తీయొచ్చా?

కడప బండ

తీయొచ్చు, కానీ కరెంటు వైర్లు, పైపులు ఎక్కడున్నాయో చూసుకుని జాగ్రత్తగా తీయండి. రెండు వరుసలు చాలు. ఒకటి హాలు గోడ మధ్యలో, ఇంకోటి మీరు చెప్పిన ఆ బాత్రూమ్ మూలలో. ఒక్కో వరుసలో ఐదు సీసాలు, పైది మరక దాటి ఉండాలి. రెండంగుళాల లోతు దాటాక వచ్చే పొడినే పట్టండి, పైన వచ్చేది ప్లాస్టరింగ్. ఒక్కో సీసా మీద ఎత్తు, తారీఖు రాయండి. ఎండాకాలం దాకా ఆగొద్దు, గోడ తడిగా కనిపించే ఇప్పుడే తీస్తే లెక్క నిజం చెప్తుంది. ఈలోగా అక్క చెప్పిన ట్యాంకు గీత పెట్టండి.

హంద్రీ ఒడ్డు

ఐదు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. మా చెల్లెలి కొడుకు సివిల్ చదువుతున్నాడు, వాళ్ల సార్లు ల్యాబు వాడుకోనిచ్చారు, వాడే దగ్గరుండి తూచాడు.

హాలు మధ్య వరుసలో కింది సీసాలో మొత్తం తేమ 2.8 శాతం, అందులో ఉప్పు పీల్చగలిగింది 2.5. మూడడుగుల దగ్గర మొత్తం 4.3, ఉప్పుది 4.1. దానిపైన ఒక్కసారిగా ఒకటి కంటే తక్కువకు పడిపోయింది. అంటే ఇన్నేళ్లూ భూమిలోంచి ఎక్కుతున్నాయనుకున్న నీళ్లు ఇప్పుడు ఎక్కడం లేదు, వరద వదిలిపోయిన ఉప్పే వానాకాలం గాలిలో తేమ తాగుతోంది. ఆ లెక్క చూసి కాసేపు అలా కూర్చుండిపోయాను. లక్షా ముప్పై ఐదు వేలకు అడ్వాన్సు ఇవ్వడానికి బ్యాంకు నుంచి డబ్బు తీసి ఇంట్లో పెట్టుకున్నాను ఆ వారం.

బాత్రూమ్ మూల మాత్రం వేరే కథ. కింది సీసాలో 11 శాతం, ఉప్పుది 2 మాత్రమే. ట్యాంకు గీత మూడు రాత్రులూ కదల్లేదు కాబట్టి వచ్చే పైపు కాదు. నహానీ ట్రాపు (బాత్రూమ్ నేల నీళ్లు బయటికి పోయే చోటు) మూసి, బాత్రూమ్ నేల మీద రంగు నీళ్లు రెండంగుళాలు నిలబెట్టి రెండు రోజులు ఉంచితే మట్టం దిగలేదు. ట్రాపు తీసి రంగు నీళ్లు వదిలితే మూడో రోజు బయట గోడ అడుగున ఎర్రగా చెమర్చింది. ట్రాపు కింద జాయింటు ఊడిపోయి ఉంది. ఇంజనీరు గారు బాత్రూమ్ అన్నది నిజమే. కానీ టైల్స్ అన్నీ కాదు, నాలుగు తీస్తే సరిపోయింది. ట్రాపు మార్చడానికి కూలీతో కలిపి ఆరు వేల రెండొందలు అయింది.

ఇప్పుడు హాలు గోడకు ఏం చేయాలి? మేస్త్రీ అన్నా, మీరే వచ్చి చేస్తారా?

కంకర మేస్త్రీ

వస్తాను అన్నా. ఇప్పుడే కాదు. మూల గోడ ఆరనీ, నీళ్లు తాగిన తొమ్మిదంగుళాల గోడ ఆరడానికి నెలలు పడుతుంది, ఎండాకాలం అంతా వదిలేద్దాం. హాల్లో మాత్రం ఉగాది తర్వాత మొదలుపెడదాం. మరక కంటే అడుగు పైదాకా ప్లాస్టరింగ్ చెక్కేసి, దరజులు అర అంగుళం గీకి, ఉప్పును పొడిగానే బ్రష్షుతో దులపాలి. నీళ్లతో కడిగితే మళ్లీ గోడలోకే పోతుంది. దులిపిన పొడి ఇంట్లో, పెరట్లో వేయకుండా సంచుల్లో బయటికి పంపిద్దాం. తర్వాత సున్నం మాలుతో పూస్తాను, మున్సిపాలిటీ నీళ్లే వాడతాను, పుట్టీ వేయను, ప్లాస్టిక్ రంగు వేయను, సున్నమే వేద్దాం. మొదటి రెండేళ్లు కాస్త ఉప్పు పూస్తుంది, పొడి గుడ్డతో తుడుచుకోండి, భయపడొద్దు.

దానికంటే ముందు బయట పని ఉంది. వీధి వైపు గోడకు ఆనుకుని పోసిన మట్టీ గచ్చూ తీసేసి, డీపీసీ గీత ఎక్కడుందో వెతుకుదాం, దానికి ఆరంగుళాలు కిందికి నేల దించి, నీళ్లు రోడ్డు కాలువలోకి వాలేలా చేద్దాం. ఇవాళ నీళ్లు ఎక్కకపోయినా అది అలాగే ఉంటే రేపు ఎక్కుతాయి. అప్పటిదాకా అమ్మ మంచం ఆ గోడ నుంచి ఇంకో గదిలోకి మార్చండి. వచ్చే ఆదివారం పొద్దున వచ్చి కొలతలు తీసుకుంటాను. మీ మేనల్లుడిని కూడా ఉండమనండి, ఆ సీసాల లెక్క నాకు నేర్పాలి.